లివర్‌లో గడ్డ.. కోసేముందు తేలాల్సింది

ఒంట్లో ఎక్కడ గడ్డ కనిపించినా సూదితో చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపితే అదేంటో తేలిపోతుందని మనందరి నమ్మకం. రొమ్ములో గడ్డకైనా, మెడ దగ్గర బిళ్ల కట్టినా డాక్టర్లు చేసేది అదే కాబట్టి ఆ నమ్మకం ఊరికే రాలేదు. లివర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. తొందరపడి గుచ్చిన సూదే కొన్నిసార్లు కొత్త ప్రమాదం తెచ్చిపెడుతుంది.

లివర్ గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే హెమాంజియోమా అచ్చంగా రక్తనాళాల ముద్ద. దాన్ని గుచ్చితే రక్తస్రావమయ్యే అవకాశం ఉంది. కుక్కలకూ గొర్రెలకూ మధ్య తిరిగే ఒక బద్దెపురుగు వల్ల వచ్చే హైడాటిడ్ సిస్ట్ రాయలసీమ వైపు డాక్టర్లకు కొత్త కాదు. అదేమిటో గుర్తుపట్టకుండా, జాగ్రత్తలు లేకుండా గుచ్చితే లోపలి నీరు కడుపులోకి కారి ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ రావచ్చు, పురుగు కొత్త చోట్ల గూడు కట్టుకోవచ్చు. ఇక మామూలు లివర్ క్యాన్సర్‌లో సూది వెళ్లిన దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకుపోయే ప్రమాదం పాత అధ్యయనాలు కలిపి చూస్తే దాదాపు 2.7 శాతం. తక్కువే. కానీ ఆపరేషన్‌తో పూర్తిగా నయం చేయగలిగిన మనిషికి ఆ కాస్త రిస్క్ కూడా ఎందుకు?

అందుకే లివర్‌లో మొదటి సాక్ష్యం స్కానింగ్‌దే. లివర్‌కు వచ్చే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది, మిగతా ఒక వంతు ధమని నుంచి. చాలా కణితులు మాత్రం ధమని రక్తం మీదే పెరుగుతాయి. ఈ తేడాను పట్టుకోవడానికే నరంలోకి మందు ఎక్కించి, సెకన్లు, నిమిషాల తేడాతో పలు దశల్లో బొమ్మలు తీసే ట్రిపుల్ ఫేజ్ సీటీ. హెమాంజియోమా అంచుల నుంచి మెల్లగా లోపలికి నిండుతుంది. సిరోసిస్ ఉన్న, అంటే మచ్చలు పడి గట్టిపడిన లివర్‌లో క్యాన్సర్ మొదట వెలిగి, తర్వాత చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. ఆ తీరు స్పష్టంగా కనిపిస్తే బయాప్సీ, అంటే ముక్క తీసి చూసే పరీక్ష లేకుండానే క్యాన్సర్ అని ఖాయం చేస్తారు. మిగతా క్యాన్సర్లలో ఇది చాలా అరుదు. మందు ఎక్కించకుండా తీసిన ప్లెయిన్ సీటీ ఫిల్ములు పట్టుకుని పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లు మళ్లీ మొదటి నుంచి స్కాన్ చేయించుకోవాల్సి వచ్చేది ఇందుకే.

అసలు చిక్కు అరుదైన గడ్డలతో. లివర్ కణాల నుంచే పుట్టే అడినోమానే తీసుకోండి. 1973లో అమెరికా వైద్యులు గర్భనిరోధక మాత్రలు వాడే మహిళల్లో ఈ గడ్డలు వస్తున్నాయని లాన్సెట్ పత్రికలో రాశారు. అప్పటి మాత్రల్లో హార్మోన్ మోతాదు ఇప్పటికంటే చాలా ఎక్కువ. ఇది క్యాన్సర్ కాదు గానీ పగిలి రక్తం కారవచ్చు, కొన్ని రకాలు క్యాన్సర్‌గా మారవచ్చు. 2016లో యూరప్ లివర్ నిపుణుల సంఘం ఇచ్చిన సూచనల ప్రకారం మహిళల్లో ముందు మాత్రలు మాన్పించి, బరువు తగ్గించి, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికీ 5 సెంటీమీటర్లు దాటి ఉన్నా, పెరుగుతున్నా ఆపరేషన్. మగవాళ్లలో మాత్రం సైజుతో పనిలేకుండా తీసేయాలి, ఎందుకంటే వాళ్లలో క్యాన్సర్‌గా మారే ముప్పు ఎక్కువ. జిమ్‌లో కండలు పెరగడానికి వాడే అనబాలిక్ స్టెరాయిడ్లు కూడా ఈ గడ్డకు ఒక కారణం. ఊరూరా జిమ్‌లు వెలుస్తున్న ఈ రోజుల్లో, లివర్‌లో గడ్డ ఉన్న కుర్రాణ్ని ఆ ప్రశ్న అడగకపోతే డయాగ్నోసిస్ సగంలోనే ఆగిపోయినట్టు.

అడినోమాతో తేలిగ్గా పొరబడేది ఎఫ్‌ఎన్‌హెచ్ (ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా) అనే గడ్డ. ఇదీ ఎక్కువగా మహిళల్లోనే, ఇదీ ధమని దశలో, అంటే మందు ధమని గుండా చేరే మొదటి బొమ్మల్లో మెరుస్తుంది. కానీ ఇది క్యాన్సర్‌గా మారదు, పగలడం కూడా దాదాపు ఉండదు, వైద్యమే అక్కర్లేదు. లివర్ కణాలు పీల్చుకునే ప్రత్యేక మందుతో ఎంఆర్ఐ తీస్తే ఎఫ్‌ఎన్‌హెచ్ ఆ మందును పట్టి ఉంచుకుంటుంది, చాలా అడినోమాలు ఉంచుకోవు. ఒక్క ఎంఆర్ఐ ఖర్చుతో పెద్ద ఆపరేషన్ తప్పిపోయే సందర్భం ఇది.

దీనికి సరిగ్గా తిరగబడిన కేసు కూడా ఉంది. నడివయసు మహిళలో గోడలు, అరలు ఉన్న నీటి సంచి కనిపిస్తే దాన్ని మామూలు సిస్ట్ అనుకుని నీరు తీసేస్తారు, లేదా లాప్రోస్కోపీతో సంచి పైగోడను కోస్తారు. కొన్నాళ్లకు మళ్లీ నిండుతుంది. అది నిజానికి మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్ అనే కణితి అయితే మొత్తం సంచిని తీసేయాల్సిందే, మిగిలిన గోడ క్యాన్సర్‌గా మారగలదు. ఇక్కడ చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టడమే తప్పు.

యువతలో వచ్చే ఫైబ్రోలామెల్లర్ క్యాన్సర్ మరీ మోసకారి. 1956లోనే దీన్ని వర్ణించారు. సిరోసిస్ ఉండదు, హెపటైటిస్ ఉండదు, లివర్ క్యాన్సర్‌కు అందరూ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష మామూలుగానే ఉంటుంది. ఇరవై ఏళ్ల పిల్లకు కడుపులో నొప్పి అంటే గ్యాస్ అనుకునే ప్రమాదం ఎక్కువ. దీని వెనకున్న జన్యు మార్పు 2014లో బయటపడింది. 19వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఊడిపోయి, రెండు జన్యువులు అతుక్కుపోతున్నాయి. ఆ పరిశోధనలో పాల్గొన్న ఒక అమ్మాయి, పన్నెండేళ్లప్పుడు తానే ఈ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న మనిషి. ఆమెను బతికించింది ఆపరేషనే. ఇప్పటికీ ఈ జబ్బుకు ప్రధాన ఆయుధం అదే.

గడ్డ పేరు తెలిస్తే ఆపరేషన్ తీరే మారిపోతుంది. హెమాంజియోమాను తీయాల్సి వస్తే చుట్టూ ఉన్న మంచి లివర్‌ను కోయకుండా ఒలిచి తీయొచ్చు. హైడాటిడ్ అయితే ముందు ఆల్బెండజోల్ అనే పురుగుల మందు ఇచ్చి, ఒక్క చుక్క బయట పడకుండా చుట్టూ గుడ్డలు పరిచి మొదలుపెడతారు. ఫైబ్రోలామెల్లర్ అయితే పక్కనున్న లింఫ్ గ్రంథుల్ని కూడా తీస్తారు, ఎందుకంటే అక్కడికి పాకే అలవాటు దానికి ఎక్కువ. 1957లో ఫ్రెంచ్ వైద్యుడు క్లాడ్ క్వీనో లివర్‌ను ఎనిమిది భాగాలుగా గీసి చూపించాక ఈ కోతలకు ఒక మ్యాప్ దొరికింది. ఎంత తీశామన్నదాని కంటే ఎంత మిగిల్చామన్నదే ముఖ్యం: ఆరోగ్యమైన లివర్‌లో 20 నుంచి 25 శాతం, కీమో తీసుకున్నవాళ్లలో 30, సిరోసిస్ ఉంటే 40 శాతం మిగలాలి. అంత మిగలదనుకుంటే ఒక వైపు పోర్టల్ సిరను మూసి, రెండో వైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు.

ఇంత చెప్పాక సూది ఎప్పుడూ వద్దని కాదు. రక్తనాళాల నుంచి పుట్టే రెండు కణితులున్నాయి. ఎపిథెలియాయిడ్ హెమాంజియోఎండోథీలియోమా లివర్ అంతా పాకినా, బయట కాస్త వ్యాపించినా ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే చాలామంది ఏళ్ల తరబడి బతుకుతారు. యాంజియోసార్కోమాకు అదే ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే త్వరగా తిరగబెడుతుంది, అందుకే చేయరు. 1974లో అమెరికాలోని లూయీవిల్‌లో పీవీసీ ఫ్యాక్టరీ కార్మికులకు వినైల్ క్లోరైడ్ అనే రసాయనం వల్ల వచ్చిందని తేలిన క్యాన్సర్ ఇదే. స్కాన్‌లో ఈ రెండూ తికమక పెట్టొచ్చు. ఇక్కడ బయాప్సీ లేకుండా ముందుకెళ్తే దొరక్క దొరికిన ఒక దానం లివర్ వృథా కావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో 2013లో మొదలైన జీవన్‌దాన్ అవయవదాన పథకం జాబితాలో లివర్ కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ వృథా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇక మన దగ్గర అసలు లోపం నైపుణ్యంలో ఉందని నేను అనుకోను. హైదరాబాద్‌లో ఎంత పెద్ద లివర్ ఆపరేషనైనా చేయగల సర్జన్లున్నారు. మాస్టర్ హెల్త్ చెకప్‌ల పుణ్యమా అని ఏ లక్షణమూ లేని గడ్డలు కుప్పలుగా బయటపడుతున్నాయి. కానీ ఆపరేషన్‌కు ప్యాకేజీ రేటు ఉంది, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, సర్జన్, లివర్ ఫిజీషియన్ గంట కూర్చుని "దీన్ని ముట్టుకోవద్దు" అని తేల్చినందుకు రేటు లేదు. డబ్బు కోత దగ్గరే ఉన్నప్పుడు ఆలోచన ఎవరికి గిట్టుబాటు? ఆరోగ్యశ్రీ అయినా ప్రైవేట్ బీమా అయినా, ప్రాణాపాయం లేని లివర్ కణితికి ఆపరేషన్ అనుమతి ఇచ్చేముందు ఇలా డాక్టర్లంతా కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు నిర్ణయం కాగితం మీద అడగాలి, ఆ బోర్డు పనికి డబ్బు కూడా చెల్లించాలి. ఆ కాగితం ఒక కాపీ తెలుగులో పేషెంట్ చేతికి రావాలి: గడ్డ పేరేమిటి, ఎంత నమ్మకంగా చెబుతున్నారు, ఆగితే ఏమవుతుంది అన్న మూడు జవాబులతో.