14లో సత్యనారాయణ వ్రతం

ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చిందంటే చాలు, యూట్యూబ్‌లో కుర్రాళ్లు యానిమేషన్లు, బ్యాటరీ, ఐకాన్ల గుండ్రదనం గురించి గంటలు గంటలు చెప్తారు. మా తెనాలి బాబాయికి కావలసిన పోలిక ఒక్కటే: పాతదాంట్లో ఈ బటన్ నొక్కితే ఏమయ్యేది, కొత్తదాంట్లో ఏమవుతుంది? అది మాత్రం ఎవడూ చెప్పడు.

ఆయన పాత ఫోను ఆండ్రాయిడ్ 8, అంటే 2017 నాటి ఓరియో. అప్పట్లో వెర్షన్లకి తీపి పేర్లుండేవి. కె అక్షరానికి కాజాని వదిలేసి కిట్‌క్యాట్ అన్నారు, ఎల్‌కి లడ్డూ ఉండగా లాలీపాప్ అన్నారు, పి వచ్చినప్పుడైనా పూతరేకుకి యోగం పడుతుందేమో అనుకుంటే "పై" (Pie) అన్నారు. 2019లో 10తో బయటికి ఆ పేర్లు మానేశారు గానీ లోపల్లోపల పెట్టుకుంటూనే ఉన్నారు. 16కి బక్లావా అట. బొబ్బట్టు ఏం పాపం చేసిందో!

సరే, ఆ ఓరియోలో పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆపాలా అని అడిగేది, అవునంటే ఆగిపోయేది. కూతురు కొనిచ్చిన కొత్త ఫోన్లో ఉన్నది 14. అందులో అదే బటన్ అలాగే నొక్కితే ఫోను ఆగదు సరికదా, మన మాట వినడానికి చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది.

వ్రతంలో పీటల మీద కూర్చున్నది బాబాయి, పిన్ని. పంతులుగారు "ఫోన్లు కట్టేయండి బాబూ" అని శ్లోకం ఎత్తుకున్నారు. బాబాయి బటన్ నొక్కి పట్టుకున్నాడు. శ్లోకం మొత్తం శ్రద్ధగా విన్న ఫోను, "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంది. పంతులుగారు కళ్లజోడు మీంచి చూశారు. వెనకనుంచి మనవడు "వాల్యూమ్ కూడా కలిపి నొక్కు తాతయ్యా" అన్నాడు. పైది నొక్కితే ఆపాలా అని అడిగేదే, ఈయన కిందది నొక్కాడు. అది స్క్రీన్‌షాట్. ఆగలేదని మళ్లీ నొక్కాడు, మళ్లీ స్క్రీన్‌షాట్. గ్యాలరీ నిండా అవే, వాటి పక్కన పసుపు గణపతి ఫొటో ఒకటి.

ఇక ఒళ్లు మండి పవర్ బటన్‌ని టకటకా కొట్టాడు. ఆండ్రాయిడ్ 12 నుంచి అలా వరసగా అయిదుసార్లు కొడితే మనిషి ఆపదలో ఉన్నాడనుకుంటుంది ఫోను. సైరన్ మోగించి, అంకెలు వెనక్కి లెక్కపెట్టి, అత్యవసర నంబరుకి తనే కాల్ చేస్తుంది. 2023లో బ్రిటన్‌లో దీనివల్లే 999కి ఉత్తుత్తి కాల్స్ వెల్లువెత్తి పోలీసులే జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది, ఇక తెనాలి ఎంత! సైరన్‌కి పిన్ని చేతిలో అక్షింతలు కలశం దాటి పంతులుగారి మీద పడ్డాయి. కాల్ 112కి వెళ్లింది.

"ఏం జరుగుతోందండీ అక్కడ?" అంది అవతలి అమ్మాయి, కంగారుగా.

"మూడో కథ జరుగుతోందమ్మా" అన్నాడు బాబాయి.

నేను ఫోను లాక్కుని ఆ అమ్మాయికి సారీ చెప్పి, ఈ అత్యవసర కాల్‌ని ఆపే ఆప్షన్ కోసం సెట్టింగ్స్‌లో వెతుకుతున్నాను. నా ఫోన్లో ఉన్న చోట ఈయన ఫోన్లో లేదు, రెండూ 14 అయినా కంపెనీలు వేరు కదా. ఈలోగా పంతులుగారు కథ ఆపి, ఎవరికీ వినపడకుండా నా వైపు వంగి అడిగారు:

"బాబూ, నాది 11. నాకీ బాధ లేదు కదా?"