మావయ్య ఇత్తడి ఆయుధాగారం

దేశభద్రత విషయంలో గుర్రుపెట్టి నిద్రపోతున్న పౌరుల్ని తట్టి లేపడం నా విధి కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. విశాఖ మర్రిపాలెంలో మా పెదమావయ్య ఇంట్లో, దేవుడి గూటి పక్కన, ఒక మారణాయుధ భాగం ఇరవై ఏళ్లుగా అగరొత్తులు మోస్తోంది.

జానెడున్నర ఎత్తు ఇత్తడి షెల్లు అది, అంటే ఫిరంగి గుండు పేలాక మిగిలే ఖాళీ గొట్టం. ఏ కాలం నాటిదో, ఏ ఓడ మీద పేలిందో తెలీదు. డాక్‌యార్డులో పనిచేసే రోజుల్లో మావయ్య పూర్ణామార్కెట్ పాతసామాన్ల కొట్లో బేరమాడి తెచ్చుకున్నాడు. ప్రతి గురువారం సాయంత్రం అత్తయ్య చింతపండుతో తోమి తళతళలాడిస్తుంది.

విశాఖలో ఇదేం వింత కాదనుకోండి. ఏకంగా కుర్సురా జలాంతర్గామినే ఒడ్డెక్కించి 2002 నుంచి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్న ఊరు మనది. అది చాలదని 2017లో దానికెదురుగా నౌకాదళం వాడి వదిలేసిన టీయూ-142 నిఘా విమానాన్ని కూడా నిలబెట్టాం. జనం ముంతమసాలా తింటూ వాటి పక్కన ఫొటోలు దిగుతారు. అంతెందుకు, మనం ఏళ్ల తరబడి విమానం ఎక్కిన చోటు కూడా నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఆవరణలోనిదే. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన మావయ్య, హైదరాబాదులో ఉన్న మనవడికి విమానంలో పట్టుకెళ్లి ఇద్దామని ఆ షెల్లుని తువ్వాల్లో చుట్టి చేతిసంచీలో పెట్టాడు.

నేను అడ్డుపడ్డాను.

"అదేట్రా అల్లుడూ! గుండు నేదు, మందు నేదు. ఏటి పేల్తాది?"

ఇదీ మన ప్రజల అవగాహన! పేలుతుందా లేదా అన్నది కాదు మావయ్యా ప్రశ్న, అన్నాను. తుపాకీ, తుపాకీ ముక్క, తుపాకీలా కనిపించేది, పిల్లల ఆట తుపాకీ: ఏదీ చేతిసామానులో వెళ్లడానికి వీల్లేదు. దీపావళికి పిల్లాడు టపటపలాడించే రీలు తుపాకీ కూడా స్కానర్ కళ్లకి తుపాకీయే. నిజం తుపాకీకైతే ఒక మర్యాద ఉంది. లైసెన్సు చూపించి, ముందే చెప్పి, గుళ్లు తీసేసి, 50 తూటాల దాకా విడిగా కట్టి చెకిన్ లగేజీలో వేయొచ్చు. మరి అగరొత్తుల స్టాండుకి లైసెన్సు ఇమ్మని కమిషనరు గారిని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? పూర్తి తుపాకీ ఉన్నవాడికి దారుంది, ఖాళీ గొట్టం ఉన్నవాడికి లేదు. ఇందులోని లోతు మావయ్యకి అందలేదు.

అమెరికా వాడు ఈ శాస్త్రాన్ని ఇంకా సూక్ష్మంగా నూరాడు. అక్కడ మ్యాగజైను, బోల్టు, ఫైరింగ్ పిన్ను చేతిసామానులో నిషేధం, చెకిన్‌లో సరే. రైఫిల్ మీద బిగించే దుర్భిణి మాత్రం దర్జాగా చేతిసంచీలోనే పోవచ్చు. గురి చూసుకోండి, కాల్చకండి అని కాబోలు. ఇంత చేసినా 2023లో అక్కడి తనిఖీల్లో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. పదింట తొమ్మిదికి పైగా గుళ్లు నింపినవే. చాలామంది చెప్పేది ఒకటే మాట: మర్చిపోయామని. మనం గొడుగు మర్చిపోయినట్టన్నమాట.

మన చట్టమూ తక్కువ తినలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం లెక్కలో తూటా భాగం కూడా మందుగుండు సామగ్రే. అదే చట్టం 45వ సెక్షను, వేరే భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిల్లర ముక్కల్ని వదిలేసింది. నేరం కావాలంటే అది తన దగ్గరుందని మనిషికి తెలిసి ఉండాలని 1972లో సుప్రీంకోర్టూ చెప్పింది. అందుకే సంచీ అడుగున తూటా దొరికిన వాళ్లంతా "నాకు తెలీదండీ" అంటారు. ఆ అవకాశం కూడా మావయ్యకి లేదు. ఇరవై ఏళ్లుగా వారం వారం చింతపండుతో తోమించిన వస్తువు గురించి తెలీదంటే ఏ జడ్జీ నమ్ముతాడు? పైగా సాక్షి అత్తయ్య.

మావయ్య అయ్యప్ప స్వాముల్ని ముందుకు తెచ్చాడు. చేతిసామానులో కొబ్బరికాయ నిషేధమైనా, ఇరుముడిలోదానికి 2024లో మినహాయింపు ఇవ్వలేదా అని. ఇచ్చారు, 2025 జనవరి 20 దాకా. అయితే కొబ్బరికాయకి వెనక స్వామి ఉన్నాడు. షెల్లుకి ఎవరున్నారు?

"పోనీ లాక్కుంటే రసీదిత్తారా?" అన్నాడు చివరికి.

ఇక్కడ మాత్రం నాకు నోట మాట రాలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డ అల్లూరి సీతారామరాజు, పట్టుకెళ్లిన ఆయుధాల లెక్కంతా స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. దోపిడీకే రసీదిచ్చిన మనిషి! భోగాపురం విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు కనుక, తనిఖీ బల్ల దగ్గర చెత్తడబ్బాలోకి పోయే కత్తెరలకీ, మావయ్య లాంటి వారి ఇత్తడికీ అక్కడైనా ఒక రసీదు పుస్తకం ఉంచాలని కోరుతున్నాను. కార్బన్ కాగితం నేనే ఇస్తాను.

మావయ్య నా ఉపన్యాసం పూర్తిగా వినకుండానే విమానం టిక్కెట్టు రద్దు చేయించి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడు. మర్నాడు ఫోన్ చేశాను. దారిలో షెల్లు గురించి ఎవరూ పట్టించుకోలేదట. ఒక్క ఎదుటి బెర్తాయన మాత్రం, తుని దాటాక, పల్లీ తొక్కలు వేసుకోవడానికి కాస్త ఇమ్మని అడిగాడట.