కీమో గుండెను కడిగేయదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది: "క్యాన్సర్ తగ్గినవారికి గుండెజబ్బు రాదు, కీమో రక్తాన్ని శుభ్రం చేసేస్తుంది. ఇక జీవితాంతం విశ్రాంతే మందు. బీపీ మాత్రల బదులు పరగడుపున వెల్లుల్లి చాలు. ఇన్నేళ్లు కాల్చిన చుట్ట ఇప్పుడు మానినా ఒకటే, మానకపోయినా ఒకటే." శ్రీకాకుళంలో మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ తగ్గి నాలుగేళ్లు. ఆమె ఫోన్‌కీ ఇది చేరింది. అందుకే రాస్తున్నాను.

మొదటి మాట తలకిందులు. పిన్నికి ఎక్కించిన ఎర్ర మందు పేరు డాక్సోరుబిసిన్. అది క్యాన్సర్ కణాలతో పాటు గుండె కండరాన్నీ దెబ్బతీయగలదు. మొత్తం డోసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది కనుకే డాక్టర్లు లెక్కపెట్టి ఇస్తారు, గుండె స్కాన్ (ఎకో) తీయిస్తారు. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ అనే మందు వాడేవారిలో కొందరికి గుండె పంపింగ్ తగ్గుతుంది, ఆపితే చాలావరకు కోలుకుంటుంది. ఎడమ రొమ్ముకి రేడియేషన్ ఇచ్చినవారిలో గుండె రక్తనాళాల ఇబ్బంది ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. అందరికీ ఇలా అవుతుందని కాదు. పిన్ని ఎకో బాగానే వచ్చింది. బాగుందని తెలిసిందీ తీయించబట్టే.

విశ్రాంతి సంగతి మాత్రం మా ఇంట్లోవాళ్లకే చెప్పుకోవాలి. "నువ్వు కూచోవే, మేం చేస్తాం" అంటూ రెండేళ్లు ఆమెని మంచం దిగనివ్వలేదు. ప్రేమే, కాదనను. కానీ బరువు పెరిగింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. క్యాన్సర్ నుంచి బయటపడ్డవారికి నిపుణులు 2019లో ఇచ్చిన సలహా ఏమిటంటే, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున మోస్తరు వ్యాయామం, రెండుసార్లు కండరాలకి బలమిచ్చే పని. మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. దీనివల్ల కీమో తర్వాత వదలని నీరసం కూడా తగ్గుతుంది. పిన్ని డాక్టర్ని అడిగి వరండాలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టింది. ఇప్పుడు సాయంత్రాలు నాగావళి ఒడ్డున అరగంట నడుస్తోంది.

వెల్లుల్లి కూరలో వేసుకోండి, మాత్ర మాత్రం మానకండి. ఉద్దానం వైపు కిడ్నీ సమస్య ఉన్నవారు మానితే మరీ ప్రమాదం. బీపీకి అసలు చూడాల్సింది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు దాటొద్దంటోంది, అంటే ఒక టీ చెంచా. చోడి (రాగి) అంబలి మంచిదే, దాంట్లోకి నంజుకునే ఎండుచేపతోనే చిక్కు.

ఇక చుట్ట. మన పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. అంగిలి క్యాన్సర్‌కి దారి ఇదేనని వాళ్లకీ తెలుసు. వైద్యమయ్యాక మళ్లీ వెలిగించేవాళ్లకి "మానినా ఒకటే" అనడం కంటే పాపం లేదు. పొగ మానిన ఏడాదికే గుండె రక్తనాళాల జబ్బు ముప్పు, కాలుస్తూనే ఉన్నవారితో పోలిస్తే సగానికి తగ్గుతుంది. డెబ్బయ్యేళ్ల మామ్మకైనా ఏడాది ఏడాదే కదా.

మరొక్కటి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్లవాపు కనిపిస్తే ఆగకుండా గుండె డాక్టర్ దగ్గరికెళ్లండి, క్యాన్సర్ ఫైలు తీసుకెళ్లండి. ఏ మందు ఎంత ఎక్కిందో ఆయనకి తెలియాలి. పిన్ని ఫైలు బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. మొన్న అన్ని కాగితాలూ ఫోటో తీసి, ఆ మెసేజ్ తిరిగిన గ్రూపులోనే పెట్టాను.