సొంత మెయిల్ సర్వర్: వచ్చేది వస్తుంది, పోయేదే పోదు

పలాసలో మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం. ఆయన కోసం ఓ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే సొంత పేరు) కొని, నెలకి నాలుగొందల చిల్లరకి ఒక వర్చువల్ మెషీన్, అంటే ఏదో కంపెనీ పెద్ద కంప్యూటర్లో ఓ వాటా, అద్దెకి తీసుకుని, దాని మీద మెయిల్ పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చినవి దాచి చూపించే డవ్‌కాట్ పెట్టి సొంత మెయిల్ సర్వర్ రెడీ చేశాను. ఉన్నది ఒక్క జీబీ ర్యామ్, వైరస్ స్కానర్ పెడితే మొత్తం అదే తినేస్తుందని దాని జోలికి పోలేదు. శ్రీకాకుళంలో మా ఇంట్లో కూర్చుని రెండు రాత్రుళ్ళలో పని అయిపోయింది, టెస్ట్ మెయిల్స్ టకటకా వచ్చి పడుతుంటే నేనేదో పోస్టాఫీసు తెరిచినంత ఫీలైపోయాను. మూడోరోజు పొద్దున్నే ఫోను.

"ఏటిరా, రేట్లు పంపేసినాను, ఆ రాజమండ్రి సేటు రానేదంతన్నాడు. ఎక్కడికెల్లిపోనాదిరా ఆ మెయిలు?"

సర్వర్ రాసుకునే చిట్టా, అదే లాగ్, తీసి చూస్తే మెయిల్ వెళ్ళింది, అవతలి సర్వర్ 250 అని, అంటే అందిందని, జవాబు కూడా ఇచ్చింది. అందుకుని స్పామ్‌లో పడేసింది, అంతే. 550 అని, అంటే తీసుకోనని, మొహం మీదే తిప్పికొట్టినా బాగుండేది, తప్పేంటో కాస్త తెలిసేది.

ఎస్‌ఎంటీపీ 1982లో సర్వర్ల మధ్య మెయిల్ పంపడానికి రాసుకున్న పద్ధతి, అప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళు తక్కువ కాబట్టి ఎవడు ఏ పేరుతో పంపినా నమ్మేసేవాళ్ళు. తర్వాత స్పామ్ వరద వచ్చింది, దాంతో ఒక్కో తాళం వేసుకుంటూ వచ్చారు. మా డొమైన్ తరఫున ఫలానా సర్వర్లే పంపాలి అని చెప్పేది ఎస్‌పీఎఫ్, మెయిల్ మీద సంతకం డీకిమ్, ఆ రెండూ తేడా కొడితే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని ఇంకా గట్టిగా అడుగుతున్నాయి, జీమెయిల్‌కి రోజుకి 5,000 దాటి పంపేవాళ్ళకి మూడూ ఉండాల్సిందే, మనలాంటి చిన్నవాళ్ళకి మొదటి రెండిట్లో ఒకటైనా ఉండాలి, సర్వర్ ఐపీకి (నెట్‌లో దాని నంబరుకి) రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఆ నంబరు ఏ పేరుదో చెప్పే రికార్డు, కూడా ఉండాలి.

నేను అన్నీ పెట్టాను. అయినా స్పామే.

నాకర్థమైందేంటంటే గొడవంతా ఐపీతో. అద్దింట్లో దిగామనుకోండి, ముందున్నవాడి అప్పులవాళ్ళు వచ్చి మన తలుపు కొడతారు చూడండి, అదే కథ. చవక మెషీన్ల ఐపీలు చేతులు మారుతూనే ఉంటాయి, మనకంటే ముందు దాంట్లో ఎవడు ఏం చేశాడో తెలీదు, ఒక్కోసారి పక్క నంబర్లతో కలిపి వీధి వీధినే అనుమానంగా చూస్తారు. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్ళే దారిని, అదే పోర్ట్ 25ని, మొదట్నుంచీ మూసే ఉంచుతాయి, ఆ విషయం మెషీన్ కొన్నాక తెలిస్తే ఏటి చేస్తాం.

అందుకే నా అభిప్రాయం, వచ్చే మెయిల్ మన దగ్గర పెట్టుకుని పంపడం మటుకు మంచి పేరున్న రిలేకి, అంటే మన తరఫున మెయిల్ పంపిపెట్టే కంపెనీకి, ఇచ్చేయాలి. అది సొంతం ఎలా అవుతుందని పట్టుదల ఉన్నవాళ్ళు అంటారు, నిజమే, రిలేవాడు మన మెయిల్ చూడగలడు, కానీ అది వెళ్ళి కూర్చునేది ఎలాగూ అవతలివాడి పెద్ద కంపెనీ ఇన్‌బాక్స్‌లోనే కదా.

వచ్చే మెయిల్ పోతుందేమోనని భయపడేవాళ్ళని చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. మన మెషీన్ ఓ పూట పడిపోతే పంపినవాడి సర్వర్ దాచుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు. ఇంట్లోనే పాత కంప్యూటర్ మీద పెట్టొచ్చుగా అంటే, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస వైపు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగి ఊళ్ళకి ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, అప్పుడు ఆ 5 రోజులు కూడా చాలవు. పైగా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ నుంచి వచ్చే మెయిల్‌ని ఎవడూ గుమ్మం దాటనివ్వడు.

సర్వర్ కన్నా ఎక్కువ పట్టుకోవాల్సింది డొమైన్. 2022 ఏప్రిల్లో పాలకొండ శ్రీకాకుళం జిల్లాలోంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది, ఇల్లు కదల్లేదు, అడ్రస్ మారింది. సొంత డొమైన్ దీనికి రివర్స్, రేపు ఈ మెషీన్ తీసేసి ఇంకోచోట పెట్టినా మన మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మారుస్తాం, మావయ్య విజిటింగ్ కార్డు మీద అడ్రస్ అదే ఉంటుంది.

రిలే పెట్టాక సేటుకి మెయిల్స్ అందుతున్నాయి. మావయ్య మాత్రం ఎందుకైనా మంచిదని అవే రేట్లు వాట్సాప్‌లో కూడా పెడుతున్నాడు.