మహారాజశ్రీ లోకల్ సాకెట్టు గారి సముఖానికి

పర్లాకిమిడి నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ కోడు రాసుకుని బతికే కొందరి విన్నపం.

ఆర్యా,

ఒకే కంప్యూటర్లో రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే కిటికీ తమరు (యూనిక్స్ డొమైన్ సాకెట్ అనీ అంటారు). తమరు కుశలమని తలుస్తాం. కుశలంగా లేకపోయినా తమరి పేరు డైరెక్టరీలో అలాగే వేలాడుతుంది కాబట్టి బయటనుంచి చూసి తేల్చుకునే దారి లేదు. ఆ ముచ్చట కాసేపట్లో.

ముందు తమరి ఊరేదో చెప్పండి. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌తో పాటు లోకంలోకి వచ్చారు. ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్ -ఎల్’ కొడితే వరస మొదట్లో ‘ఎస్’ బిళ్ల తగిలించుకుని ఫైలు వేషంలో కనబడతారు. ఫైలే కదా అని ఓపెన్ కాల్‌తో తెరవబోతే “నో సచ్ డివైస్ ఆర్ అడ్రస్” అని తలుపు మొహాన వేస్తారు. పోనీ నెట్‌వర్కా అంటే, బైండు (పేరు తగిలించుకోవడం), లిజను (పిలుపుల కోసం వినడం), యాక్సెప్టు (వచ్చినవాణ్ని తీసుకోవడం), కనెక్టు (వెళ్లి కలవడం) అన్నీ ఆ ఇంటి సామానే పట్టుకొచ్చారు గానీ ఒక్క తీగ ముట్టరు, ఒక్క ప్యాకెట్‌కి ఐపీ హెడర్ కట్టరు. మా వేపు, రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే కొటియా గ్రామాల వాళ్లకి ఒడిశా కార్డొకటి, ఆంధ్రా కార్డొకటి. వాళ్లదంటే గీత సరిగ్గా గీయనివాళ్ల తప్పు. తమరు కోరి తీసుకున్నారు రెండు కార్డులూ: పేరూ పర్మిషన్లూ ఫైల్‌సిస్టమ్ కోటాలో, రాకపోకలు సాకెట్ కోటాలో. తేడా వచ్చి అడగబోతే ఆ ఆఫీసువాళ్లు ఈ ఆఫీసుకి పొమ్మంటారు, ఈ ఆఫీసువాళ్లు ఆ ఆఫీసుకి.

పర్మిషన్ల సంగతే చూడండి. లినక్స్‌లో తమరి దర్శనానికి ఆ ఫైలు మీద రైట్ పర్మిషన్ ఉండాలి. పాత బీఎస్‌డీ ఇళ్లలో కొన్నిచోట్ల ఆ పర్మిషన్లు చూసే నాథుడే లేడు. అందుకే తెలిసినవాళ్లు తాళం తమరికి వేయరు, తమరుండే డైరెక్టరీకి 0700 (ఓనరుకి తప్ప ప్రవేశం లేదు) అని వేస్తారు. బైండ్ అయ్యాక తీరిగ్గా పర్మిషన్ మారుద్దామనుకుంటే, ఆ రెప్పపాటులో ఎవడైనా దూరి కూర్చోవచ్చు. కొత్త ఫైలుకి ఏ పర్మిషన్లు రాకూడదో చెప్పే యుమాస్క్ ముందే బిగించుకోవాలి.

ఇప్పుడా వేలాడే పేరు. సర్వర్ చచ్చిపోతుంది. ఫైలు చావదు. మళ్లీ లేపితే బైండ్ దగ్గర “అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్”. ఎవరండీ యూజ్‌లో ఉన్నది? అద్దెకున్నవాడు ఖాళీ చేసి పోయినా గుమ్మం మీద బోర్డు పీకలేదని ఇల్లు ఇంకొకరికి ఇవ్వని ఓనరు లాంటి వరస ఇది. దీనికి అందరూ చెప్పే వైద్యం, బైండ్‌కి ముందు అన్‌లింక్ చేసెయ్యమని, అంటే ఆ పేరు చెరిపెయ్యమని. కళ్లు మూసుకుని చేస్తే అదీ చేటే. పాత సర్వర్ బతికే ఉంటే దాని కాళ్ల కింద పేరు లాగేసినట్టు. పాత క్లయింట్లు పాతదానితోనే మాట్లాడుతుంటారు, కొత్తవాళ్లు కొత్తదానికి వస్తారు, ఒకే డేటా ఫైలు మీద ఇద్దరూ రాస్తారు. సరైన వరస: ముందు కనెక్ట్ చేసి చూడాలి. కలిసిందా, ఇంట్లో మనిషున్నాడు, నోరు మూసుకుని వెనక్కి రావాలి. “కనెక్షన్ రిఫ్యూజ్డ్” అన్నదా, అప్పుడు బోర్డు పీకాలి. ఇద్దరు ఒకేసారి వచ్చి పీకకుండా పక్కన ఒక లాక్ ఫైలు కూడా పెట్టుకోవాలి. ఒక బోర్డు పీకడానికి ఇంత తతంగం.

మైఎస్‌క్యూఎల్ డేటాబేసు వాళ్లని అడిగితే తమరి గురించి కథలుగా చెబుతారు. సాకెట్ ద్వారా లోకల్ సర్వర్‌ని కలవలేకపోతున్నామని 2002 నంబరు ఎర్రరు వస్తుంది. దాని చిట్టచివర బ్రాకెట్‌లో ఒక అంకె ఉంటుంది. 2 అయితే ఆ దారిలో ఫైలే లేదు: సర్వర్ లేవలేదు, లేదా వేరేచోట బోర్డు పెట్టింది. 111 అయితే బోర్డుంది, మనిషి లేడు. 13 అయితే మనిషున్నాడు, మీకు పర్మిషన్ లేదు. జబ్బు పేరంతా ఆ ఒక్క అంకెలోనే ఉంటే, జనం దాన్ని వదిలేసి మొత్తం డేటాబేసే రీఇన్‌స్టాల్ చేస్తారు. ఆ క్లయింటుకి లోకల్‌హోస్ట్ అని రాస్తే తమరి దగ్గరికి తెస్తుంది, 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ దారి అయిన టీసీపీ దగ్గరికి తీసుకుపోతుంది. రెండూ ఒకే ఇల్లని నమ్మినవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

తమరి చిరునామాకి లినక్స్‌లో 108 బైట్లు, బీఎస్‌డీల్లోనూ మ్యాక్‌లోనూ 104. చివరి సున్నాకి ఒకటి పోతే 107. తెలుగులో డైరెక్టరీ పేరు పెట్టుకుంటే ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. గుణింతమూ లెక్కే, పొల్లూ లెక్కే. ‘పర్లాకిమిడి’ అంటే 33 బైట్లు. మా ఊరి పేరు ముమ్మారు తలుచుకుంటే 99, ఇక వీధి పేరుకి చోటు లేదు. ముందు ఆ డైరెక్టరీలోకి దిగి, పొట్టి పేరుతో బైండ్ చేసుకోవడమే గతి. లినక్స్‌లో సున్నా బైటుతో మొదలయ్యే అబ్‌స్ట్రాక్ట్ పేర్లున్నాయి, బోర్డు పీకే బాధ ఉండదంటారు. నిజమే, తాళం కూడా ఉండదు.

ఇక అసలు గొడవ. కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునేవాళ్లు తమరి అమాయకపు మొహం చూసి మోసపోతారు. సీక్వెన్స్ నంబర్లు లేవు, టైమర్లు లేవు, అటొక బఫరు ఇటొక బఫరు (డేటా ఆగే తొట్టెలు) పెడితే ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుందనుకుంటారు. బఫర్లు నిజంగానే ఆ టైముకి అయిపోతాయి. 64 కేబీ రింగులు (చుట్టూ తిరిగి నిండే బఫర్లు) రెండు చాలు. రైట్ కాల్ యూజర్ మెమరీ నుంచి కెర్నెల్‌లోకి కాపీ చేస్తుంది, రీడ్ కాల్ అక్కణ్నుంచి అవతలివాడి మెమరీలోకి. నౌపడ–గుణుపూర్ లైను నేరోగేజిగా ఉన్నన్నాళ్లూ పెద్ద బండి సరుకు నౌపడలో దింపి చిన్న బండికి ఎక్కించేవారు. ఆ లైను బ్రాడ్‌గేజి అయిపోయింది. తమరి దగ్గర దింపుళ్లూ ఎక్కింపుళ్లూ నడుస్తూనే ఉన్నాయి.

సోమవారం నుంచి తిప్పలు. రాసేవాడు చూశాడు, బఫరు నిండింది. పడుకోబోయాడు. సరిగ్గా అప్పుడే చదివేవాడు అంతా ఖాళీ చేసి “లే బావూ” అని పిలిచాడు. వీడింకా పడుకోనే లేదు, లేవడానికేముంది? పిలుపు గాలికి పోయింది. ఆ తర్వాత పడుకున్నాడు. ఇక బఫరు ఖాళీ, ఇతని కోసం అతను, అతని కోసం ఇతను, సీపీయూ సున్నా శాతం. పట్టుకుందామని మధ్యలో ఒక ప్రింటు పెడితే వేళలు మారి తెగులు మాయం. లాక్ పట్టుకుని, ముందు వెయిట్ క్యూలో పేరు రాయించుకుని, మళ్లీ ఒకసారి బఫరు చూసి, అప్పుడు పడుకోవాలి. లేచాక కూడా ‘ఇఫ్’ పనికిరాదు, ‘వైల్’ కావాలి. లేపారంటే చోటుందని కాదు. పక్కన పడుకున్నవాడు ముందే లేచి నింపేసి ఉండొచ్చు.

ఇక చావుల లెక్క. అవతలివాడు పోయాడా అన్నది ముందు చూసి ‘ఇక డేటా లేదు’ అనే సున్నా ఇచ్చేస్తే, పోతూపోతూ అతను బఫర్లో పెట్టిన చివరి మాట మాయమైపోతుంది. ముందు బఫరు, తర్వాత శవం: ఇదీ వరస. చచ్చినవాడికి రాయబోతే “బ్రోకెన్ పైప్”, దానితో పాటు రాసినవాణ్నే చంపే సిగ్‌పైపు అనే సిగ్నలు. దూరదేశాన ఉన్నవాడు పోతే టీసీపీ కూడా కాసేపు ఎదురుచూస్తుంది. తమరికి ఆ ఓపిక లేదు. ఏ సాకెట్టు సిద్ధమో అడిగే పోల్ కాల్ దగ్గర అవతలివాడు పోయినా ‘చదవొచ్చు’ అనే చెప్పాలి, చదివి సున్నా తెలుసుకోవడానికి. అది మరిచిపోయిన కెర్నెల్లో ఈవెంట్ లూపులు శ్రాద్ధం దాకా కూర్చుంటాయి.

కనెక్ట్ మాట. లినక్స్‌లో కనెక్ట్ అయిందంటే సర్వర్ యాక్సెప్ట్ చేసిందని కాదు. లిజన్ క్యూలో చోటు దొరికిందని, అంతే. ఆ రెండో కొస సాకెట్టుని యాక్సెప్ట్ పుట్టించదు, కనెక్టే పుట్టించి క్యూలో కూర్చోబెడుతుంది. సర్వర్ గుర్రుపెట్టి నిద్రపోతున్నా క్లయింటు రాసేసుకోవచ్చు. క్యూ నిండితే మామూలు కనెక్ట్ వేచి ఉంటుంది. ఆగకుండా తిరిగొచ్చే నాన్‌బ్లాకింగ్ అయితే టీసీపీ లాగా “ఇన్ ప్రోగ్రెస్” అనరు, “ట్రై అగైన్” అంటారు. టీసీపీ కోడు కాపీ కొట్టినవాడు అక్కడే బోల్తా. రెండు కొసలకీ ఒకేసారి లాక్ వేయాల్సినచోట, మెమరీలో ఏ అడ్రసు చిన్నదో దానికి ముందు వేయాలి. మర్యాదకి పోయి ‘ముందు మీది’ అనుకుంటే ఇద్దరూ ఒకరి లాక్ పట్టుకుని ఒకరి కోసం నిలబడిపోతారు.

లినక్స్‌లో తమరికి రిసీవ్ బఫరు పెంచమని అర్జీ పెడితే తీసుకుంటారు, సక్సెస్ అని రసీదు ఇస్తారు, పని మాత్రం చేయరు. లెక్కంతా పంపేవాడి సెండ్ బఫరు ఖాతాలో. మామూలుగా 212992 బైట్లు. డేటాగ్రామ్ (విడివిడి చీటీలు) క్యూ మామూలు హద్దు 10. నెట్‌వర్క్‌లో చీటీలు మోసే యూడీపీ లాగా పారేయకుండా పంపేవాణ్ని నిలబెట్టడం ఒక్కటే తమరిలో మాకు నచ్చిన గుణం.

మిగిలింది తమరి రాచవిద్య, తెరిచిన ఫైలుకి గుర్తుగా ఉండే ఫైల్ డిస్క్రిప్టర్ని ఒక ప్రాసెస్ నుంచి ఇంకొకదానికి చేతిలో పెట్టడం. స్ట్రీమ్ అయితే తోడుగా కనీసం ఒక్క బైటు డేటా పంపాలి, ఒక మెసేజికి 253 దాటకూడదు, తీసుకునేవాడు కంట్రోల్ బఫరు చిన్నది పెడితే మిగిలినవి మూసేస్తారు. ఇవన్నీ భరించొచ్చు. సాకెట్‌పెయిర్ (ఒకదానికొకటి కలిపి ఉన్న రెండు సాకెట్లు) తెచ్చి, ఒక కొసని రెండో కొస గుండా దానికే పంపి, రెండూ మూసేయండి. ఇప్పుడా సాకెట్టు తన క్యూలో తానే పడి ఉంది. ఏ ప్రాసెస్సూ దాన్ని ముట్టలేదు, ఎంతమంది పట్టుకున్నారో చెప్పే రిఫరెన్స్ కౌంటు సున్నాకి రాదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్న ఇల్లది. దానికోసం కెర్నెల్లో ప్రత్యేకంగా చెత్త ఊడ్చేవాణ్ని పెట్టాల్సొచ్చింది. ఆ ఊడ్చేవాడికీ తొంగిచూసే పీక్ రీడ్‌కీ మధ్య సందులోంచే 2021లో ఆండ్రాయిడ్ ఫోన్ల మీద దాడులు జరిగాయని బయటపడింది. చివరికి 2024లో, లినక్స్ 6.10 నాటికి, గ్రాఫ్‌లో వలయాలు పట్టే టార్జన్ అల్గారిదం పెట్టి దాన్ని తిరగరాశారు. పక్కగదికి చీటీ అందించడానికి పుట్టిన తమరికి గ్రాఫ్ సిద్ధాంతం కావాల్సొచ్చింది.

ఇట్లు,
తమరి రెండో కొసన వేలాడుతున్నవాళ్లు

తా.క.: ఈ ఉత్తరం తమరి క్యూలోనే వేశాం. చదివి మూసేస్తే మాకు మర్యాదగా సున్నా వస్తుంది. చదవకుండా మూసేస్తే “కనెక్షన్ రీసెట్ బై పీర్” అని వస్తుంది, కాబట్టి చదవలేదన్న సంగతి మాకు తెలిసిపోతుంది.