జతిలువిహ్ మడుల్లో రేకులు ఎందుకు లేచాయి?

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో ఒక ఊరి రైతులు తమ వరి మడుల మధ్య జింకు రేకులు నిలబెట్టారు. పిట్టలను తోలడానికో పందులను ఆపడానికో పెట్టిన రేకులు కావవి. ఫొటోల కోసం వచ్చే టూరిస్టుల కళ్లలో గుచ్చుకోవాలనే పెట్టారు. పొలాల్లో నిబంధనలకు విరుద్ధంగా కట్టారంటూ రెస్టారెంట్లు సహా 13 కట్టడాలకు అంతకు ముందే ప్రాంతీయ శాసనసభ కమిటీ సీలు వేయించింది. వాటిలో కొన్ని ఆ ఊరి వాళ్లవే. మా పొలం చూడ్డానికి జనం రావాలి, డబ్బు మాత్రం మాకు రాకూడదా అన్నది వాళ్ల కోపం.

ఆ ఊరి పేరు జతిలువిహ్. తబనాన్ జిల్లాలో, బతుకారు కొండ వాలులో, సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. సుమారు 300 హెక్టార్ల వరి సాగు, అంతా మెట్లు మెట్లుగా. బియ్యం పండేది తబనాన్‌లోనే అని బాలి అంతా చెప్పుకుంటుంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన బాలి ప్రాంతాల్లో ఈ మడులూ ఉన్నాయి. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఊరి గురించి వచ్చే వార్తలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అసలు కథ ఉన్నది నీళ్లలో.

ఇక్కడి రైతులు నీళ్లు పంచుకునే సంఘాన్ని సుబక్ అంటారు. బాలి శాసనాల్లో దాని ప్రస్తావన 11వ శతాబ్దం నుంచే కనిపిస్తుంది. సుబక్‌కి ఊరి సరిహద్దులతో పని లేదు. ఒకే కాలువ కింద పొలం ఉన్నవాళ్లంతా అందులో సభ్యులే. పెద్దను పెకాసెహ్ అంటారు. కట్టుబాట్లుంటాయి, తప్పితే జరిమానా ఉంటుంది.

కాలువ చీలే చోటికి వెళ్తే ఈ సంఘం ఎలా నడుస్తుందో ఇట్టే తెలుస్తుంది. నీటికి అడ్డంగా ఒక దుంగ, దాని మీద ఒకే లోతున చెక్కిన గాడులు ఉంటాయి. ఇప్పుడు చాలాచోట్ల దుంగ బదులు సిమెంటు కట్టు వచ్చింది. ఒక్కో గాడి ఎంత వెడల్పు ఉండాలన్నది దాని కింది సాగును బట్టి నిర్ణయమవుతుంది. లోతు సమానం కాబట్టి నీరు తగ్గినా పెరిగినా వాటాలు మారవు. మీటరు లేదు, గేటు లేదు. గాడిలో రాయి పెట్టి పక్కవాడి నీళ్లు మళ్లిస్తే దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది. ఇంజనీర్లు దీన్ని పాతకాలపు ఏర్పాటుగా చూశారు. నాకైతే ఇంతకంటే పారదర్శకమైన లెక్కల పుస్తకం కనిపించలేదు.

వాటాలు పంచడం సుబక్ పనిలో సగమే. ఎవరు ఎప్పుడు నాటాలన్నది కూడా అదే తేలుస్తుంది. ఇందులో పెద్ద చిక్కుంది. అందరూ ఒకేసారి నాటితే దమ్ముకు నీళ్లు చాలవు, దిగువ వాళ్లు ఎండిపోతారు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు నాటితే పురుగుకు ఏడాది పొడవునా మేత దొరుకుతుంది. కాబట్టి పురుగు ఆకలితో చచ్చేంత విస్తీర్ణంలో ఒకేసారి కోతలయ్యి మడులు ఖాళీగా ఉండాలి, నీళ్లు చాలేటట్టు పైవాళ్లకీ కిందివాళ్లకీ నాట్ల మధ్య ఎడం కూడా ఉండాలి. ఒకే కాలువను నమ్ముకున్న సుబక్‌లు ఒక నీటి గుడి దగ్గర కలిసి ఈ తేదీలు ఖాయం చేసుకుంటాయి. కోత అయ్యాక ఖాళీ మడుల్లోకి బాతులను వదులుతారు. రాలిన గింజ, పురుగు అవే ఏరుకుంటాయి.

1970ల మొదట్లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం ఈ క్యాలెండర్‌ని పక్కన పెట్టమంది. కొత్త వంగడాలు, ఎరువులు, పురుగు మందులు అప్పుతో సహా ఊళ్లలోకి వచ్చాయి. పాత వరికి ఆరు నెలలు కావాలి, ఐఆర్ 36 లాంటి రకాలు నాలుగు నెలల్లోపే చేతికొస్తాయి. వీలైనన్ని పంటలు వేయండి, గుడి తేదీల కోసం ఆగొద్దు అన్నారు. దిగుబడి పెరగలేదని చెప్పలేం. 1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయం సమృద్ధి సాధించామని చెప్పుకుంది. కానీ బాలి పొలాల్లో ముందు దోమపోటు, దాన్ని తట్టుకునే రకం వేస్తే పచ్చదోమ మోసుకొచ్చే తుంగ్రో తెగులు. మందు కొట్టిన కొద్దీ దోమను తినే సాలీళ్లు పోయాయి, దోమ మిగిలింది. చివరికి 1986లో సుహార్తో స్వయంగా ఉత్తర్వు ఇచ్చి వరిపై 57 రకాల పురుగు మందులను నిషేధించాల్సి వచ్చింది.

అదే దశాబ్దంలో మానవశాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, పర్యావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రీమర్ రెండు నదుల కింద ఉన్న 172 సుబక్‌లను కంప్యూటర్ నమూనాలో పెట్టి చూశారు. ఎవరికి వారు నాటితే ఏమవుతుంది, అంతా ఒకేసారి నాటితే ఏమవుతుంది, గుడుల వారీగా కలిసి నాటితే ఏమవుతుంది అని. మంచి దిగుబడి వచ్చింది గుడులు నడిపే పద్ధతికి దగ్గరగా ఉన్నప్పుడే. ఇందులో మహిమ వెతకక్కర్లేదు. దిగువ వాడికి నీళ్లు కావాలి, ఎగువ వాడికి పురుగు రాకూడదు. ఒకరి అవసరం ఇంకొకరి చేతిలో ఉంది కాబట్టి బేరం కుదిరింది.

నీరుగంటి వంతులు చూసిన మన పల్లెల వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చి సాగునీటి సంఘాలు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్‌లో కూడా వాటికి ఎన్నికలు జరిగాయి. అయితే మన సంఘాలు ప్రభుత్వ చట్టంతో పుట్టినవి, కాలువకు నీళ్లు ఎప్పుడు వదలాలన్న మాట పైనుంచే వస్తుంది. సుబక్‌లో ఆ నిర్ణయం రైతుది. తేడా అంతా అక్కడే ఉంది.

జతిలువిహ్‌కి తిరిగి వద్దాం. ఇక్కడ ఇప్పటికీ ఏడాదిలో ఒక పంట పాత ఎర్ర వరి. పాత పద్ధతిలో దీన్ని కొడవలితో కోయరు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తితో ఒక్కో వెన్నే తెంపి, కట్టలు కట్టి ఆరబెడతారు. కత్తి కనిపిస్తే ధాన్య దేవత దేవి శ్రీ బెదిరిపోతుందని నమ్మకం. టూరిస్టు దీన్ని ముచ్చటగా ఫొటో తీసుకుంటాడు. కూలి లెక్క వేసుకునేవాడికి మాత్రం గుండె గుభేలుమంటుంది. బాలిలో సగటు కమతం అర హెక్టారు కూడా ఉండదు. పిల్లలు హోటల్ ఉద్యోగాలకు దెన్‌పసార్, కుటా వైపు వెళ్లిపోతున్నారు. రోడ్డు పక్క మడి ఉన్నవాడు ఒక మూల చదును చేసి కాఫీ కొట్టు పెడితే, పంట మీద వచ్చేదానికంటే అదే నయం అనిపిస్తుంది. లోపలి మడి వాడికి ఆ అవకాశమూ లేదు. ఇద్దరూ కలిసి నిలబెట్టిన దృశ్యం మీద ఒకడికే ఆదాయం వస్తే సుబక్ సమావేశంలో పాత ఐకమత్యం ఎన్నాళ్లుంటుంది?

అలాగని సీలు వేయడం అన్యాయమని కొట్టిపారేయలేను. నియంత్రణ లేని చోట ఏమవుతుందో బాలి తీరంలోని చాంగూ చూపించింది. ఒకప్పుడు అక్కడా పొలాలే, ఇప్పుడు విల్లాలు, కేఫ్‌లు, ట్రాఫిక్ జామ్‌లు. పైన నాలుగు మడుల్లో కాంక్రీటు పడితే కింది కాలువ తెగుతుంది, సుబక్ పోతుంది. 2025 సెప్టెంబర్ వరదల్లో పదిమందికి పైగా చనిపోయాక, పొలాల్లో కొత్త హోటళ్లకు, రెస్టారెంట్లకు అనుమతి ఇవ్వబోమని బాలి గవర్నర్ వయన్ కోస్టర్ ప్రకటించారు. సాగుభూమిని కాపాడే జాతీయ చట్టం 2009 నుంచే ఉంది. అమలు గుర్తొచ్చింది మాత్రం ఇప్పుడు, అదీ చిన్నవాళ్ల దగ్గర.

నా అభ్యంతరం క్రమం మీద. మడిలో కట్టొద్దని రైతుకు చెప్పే ముందు, మడిని మడిగా ఉంచినందుకు అతనికి ఏమిస్తారో చెప్పాలి. జతిలువిహ్‌లోకి అడుగుపెట్టే ప్రతి టూరిస్టూ టికెట్ కొంటున్నాడు. ఆ డబ్బులో సాగు విస్తీర్ణాన్ని బట్టి ప్రతి రైతుకూ వాటా రావాలి, రోడ్డు పక్క మడికీ లోయలోని మడికీ ఒకే రేటు. పండించినంత కాలం భూమి పన్ను ఉండకూడదు. ఊళ్లోని తినుబండారాల కొట్లు ఇళ్ల వైపు, సుబక్ ఉమ్మడి ఆస్తిగా ఉంటే గొడవ సగం తగ్గుతుంది. ఏ మడిలో ఏం కట్టొచ్చో చెప్పే మాట కూడా ముందు పెకాసెహ్ కూర్చున్న సమావేశంలో రావాలి, ఆ తర్వాతే అధికారుల సంతకం. గాడుల వెడల్పు కొలిచి నీళ్లు పంచుకున్న వాళ్లకు టికెట్ డబ్బులు పంచుకోవడం చేతకాదని అనుకోవడానికి కారణమేమీ లేదు.