చేపల చెరువు వదిలే నీళ్లకూ లెక్క ఉండాలి

2002 ఆగస్టు 19న మన దేశంలోని పలు చిత్తడి నేలలు ఒకేసారి రామ్‌సర్ జాబితాకెక్కాయి, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలుగా గుర్తింపు పొందాయి. వాటిలో మన కొల్లేరు ఉంది. కోల్‌కతాకు తూర్పున ఉన్న చిత్తడి నేలలూ ఉన్నాయి. రెండుచోట్లా వేల కుటుంబాలు చేపల మీదే బతుకుతున్నాయి. అక్కడి చెరువులు నగరం మురుగును తాగి శుభ్రం చేస్తుంటే, ఇక్కడి చెరువులు తామే మురుగును వదులుతున్నాయి. మన చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి మళ్లీ ఆ బెంగాల్‌కే వెళుతుంటాయి. చేపలు పంపడం బాగా నేర్చుకున్నాం గానీ, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం నేర్చుకోలేదు.

కోల్‌కతా పద్ధతిలో మంత్రమేమీ లేదు. నగరం మురుగు కాలువల గుండా 'భేరీలు' అనే లోతు తక్కువ చెరువుల్లోకి వస్తుంది. దాన్ని కొన్నాళ్లు ఎండలో ఉంచుతారు. నాచు పెరిగి మురుగులోని పోషకాలను పీల్చేస్తుంది, చేపలు ఆ నాచును తింటాయి. చెరువులోంచి బయటికొచ్చిన నీళ్లు వరికి పోతాయి. మేత ఖర్చు తగ్గి చేపల రైతు బాగుపడ్డాడు, అంత మురుగునూ శుద్ధి చేయడానికి యంత్రాలు పెట్టే బాధ నగరానికి తప్పింది. దాదాపు 12,500 హెక్టార్ల ఈ ప్రాంతం విలువను లోకానికి చాటిన ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్. 1992లో కలకత్తా హైకోర్టు అక్కడి భూములకు రక్షణ కల్పించింది, 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది. అలాగని అంతా సవ్యంగా ఉందనుకోనక్కర్లేదు. రియల్ ఎస్టేట్ ఆ అంచుల్ని కొరుకుతూనే ఉంది, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలుస్తాయన్న భయమూ ఉంది. అయినా చెరువు లోపలికొచ్చే నీళ్లకూ బయటికిపోయే నీళ్లకూ అక్కడ ఒక ఏర్పాటుంది.

కొల్లేరు కథ కూడా మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం లంక గ్రామాల మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు సరస్సు గర్భంలో చేపల చెరువులు కేటాయించింది. కానీ చెరువు పేరు సంఘానిదైతే పెట్టుబడి పెట్టాల్సింది ఎవరు? చేపపిల్లలు కొనాలి, మేత కొనాలి, గట్లు వేయాలి. బ్యాంకులు ముందుకు రాలేదు, డబ్బున్న బయటివాళ్లు వచ్చారు. సంఘాల చెరువులు కౌలుకు పోయాయి. యజమానులు కావాల్సినవాళ్లలో చాలామంది తమ చెరువు గట్టు మీదే కాపలా కూలీలయ్యారు. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. మళ్లీ గట్లు లేచాయి, మళ్లీ కోర్టులకెక్కాయి. ఈ గొడవంతటిలో ఎక్కువ నష్టపోయింది ఎవరి పేరు మీద చెరువులు పుట్టాయో ఆ పేదలే.

చేపల రైతుల్ని బోనులో నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలు, ప్యాకింగ్ షెడ్లు, లారీలు, వలల పనులు అన్నీ ఈ చెరువుల చలవే. ఈ రైతుల తెలివినీ తక్కువ చేయలేం. గెడలకు వరసగా సంచులు కట్టి, వాటికి చిల్లులు పెట్టి, పొద్దున్నే పడవలో తిరుగుతూ డీవోబీ అని పిలిచే నూనె తీసిన తవుడుతో నింపుతారు. చేపలు చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. కాసేపయ్యాక సంచి తడిమి చూస్తే ఎంత తిన్నాయో తెలిసిపోతుంది. మిగిలిందంటే చెరువులో ఏదో తేడా చేసినట్టే. చల్లితే అడుగున పడి కుళ్లిపోయే మేత ఇలా ఆదా అవుతుంది, నీళ్లూ బాగుంటాయి. ఇక మబ్బు పట్టిన రాత్రి రైతుకు నిద్ర ఉండదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయంటే ఏడాది కష్టం గంటల్లో పోతుంది. ఆ టెన్షన్ ఏసీ గదుల్లో కూర్చుని నిబంధనలు రాసేవారికి అంత తేలిగ్గా అర్థం కాదు.

అయితే చెరువు గట్టు దాటాక ఏం జరుగుతోంది? పట్టుబడి అయ్యాక అడుగు బురదతో సహా నీళ్లను డ్రెయిన్‌లోకో, అదను దొరికితే పంట కాలువలోకో వదిలేస్తారు. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఊళ్లు తమ మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ కాలువల నుంచే. ఆ నీళ్లు తాగలేక 20 లీటర్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. చెరువు కౌలు డబ్బు భూమి ఉన్నవాడికి చేరుతోంది, టిన్ను డబ్బు మాత్రం కూలివాడి జేబులోంచి పోతోంది. ఊరికి లాభమంటే ఇదేనా? చుట్టూ చెరువులు తవ్వితే మధ్యలో మిగిలిన వరి చేను ఊట నీళ్లకు చౌడుబారుతుంది. ఇష్టం లేకపోయినా ఆ రైతూ చెరువు తవ్వక తప్పదు. నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆడవాళ్లకు చేపల చెరువులో పని ఉండదు. ఎకరాకు ఎన్ని టన్నులు పండాయో చెప్పే అధికారులు ఈ పోయిన పని దినాలను ఏ పట్టికలోనూ చూపరు.

కోడి వ్యర్థాల సంగతి మరీ దారుణం. నిషేధం ఉన్నా రాత్రిళ్లు వ్యాన్లలో తెచ్చి మేతగా చెరువుల్లో కుమ్మరిస్తున్నారు. అప్పుడప్పుడూ ఒకటో రెండో బళ్లను పట్టుకుని కేసు పెడతారు, మర్నాటికి మామూలే. నలుగురు చేసే ఈ పాడుపని నిజాయితీగా పెంచేవాళ్లందరి సరుకుకూ చెడ్డపేరు తెస్తుంది. 2018లో చేపలు కుళ్లకుండా ఫార్మాలిన్ రసాయనం కలుపుతున్నారన్న అనుమానంతో అస్సాం మన చేపలను ఆపేసినప్పుడు ఆ దెబ్బ ఎలా ఉంటుందో చూశాం.

తెలంగాణలో చూస్తే పాత ఊరచెరువు ఇంకో దారి చూపిస్తోంది. వానకు చెరువు నిండాక మత్స్య సహకార సంఘం చేపపిల్లలను వదులుతుంది. మేత, మందు దాదాపు ఉండవు. అవే నీళ్లు పొలానికీ పారతాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక వలలు వేసి పట్టుకుంటారు, చేపలు చాలావరకు ఆ చుట్టుపక్కల సంతల్లోనే అమ్ముడవుతాయి. దిగుబడిలో కొల్లేటి చెరువులతో పోలికే లేదు గానీ, వచ్చిందాంట్లో ముదిరాజ్, గంగపుత్రుల ఇళ్లకు చేరే భాగం ఎక్కువ. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చేపపిల్లల సైజు, లెక్క విషయంలో మాత్రం ఊరి సంఘం సంతకం లేకుండా సరఫరాదారు బిల్లు కదలకూడదు.

ఇంటి వెనకే ట్యాంకుల్లో చేపలు పండించి లక్షలు సంపాదించవచ్చనే వీడియోలు ఇప్పుడు ఫోన్ల నిండా ఉన్నాయి. నీళ్లను వడగట్టి తిప్పి వాడే ఆర్ఏఎస్, వ్యర్థాలను సూక్ష్మజీవులతో మేతగా మార్చే బయోఫ్లాక్ పద్ధతుల్లో నీళ్లు చాలా ఆదా అవుతాయి, అందులో అబద్ధం లేదు. కానీ రాత్రీపగలూ గాలి ఆడించాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే ట్యాంకు మొత్తం పోతుంది. అప్పు చేసి దిగే నిరుద్యోగికి ఈ సంగతి సబ్సిడీ కాగితం మీద సంతకం పెట్టకముందే చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. లైసెన్సులిచ్చే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. పెద్ద రొయ్యల చెరువులు మురుగు నీటిని శుద్ధి చేశాకే వదలాలన్న నిబంధన కోస్తాలో ఎప్పటినుంచో ఉంది. మంచినీటి చేపలకు అదెందుకు వద్దు? పెద్ద కమతాల్లో కొంత భాగాన్ని నీళ్లు తేర్చే కుంటగా వదలాలి. అక్కడ తేరిన నీళ్లు వరికి పోతే ఎరువు ఖర్చు కలిసొస్తుంది, అడుగు బురద గట్ల మీది కొబ్బరికీ అరటికీ పనికొస్తుంది. ఒకటి రెండెకరాల చిన్న రైతు విడిగా కుంట తవ్వలేడు కనుక, ఒక డ్రెయిన్ మీద ఆధారపడ్డ చెరువులన్నిటికీ ఉమ్మడిగా ప్రభుత్వమే తవ్వించి ఇవ్వాలి. ఆక్వా మీద వచ్చే ఫీజుల్లో స్థిరమైన వాటా ఆ పంచాయతీ మంచినీళ్లకే ఖర్చుపెట్టాలి. సహకార సంఘాల చెరువులు ఎవరి సాగులో ఉన్నాయో, ఎంత కౌలుకు పోయాయో గ్రామసభలో చదివి వినిపించాలి.

కొల్లేరు గర్భంలోని గట్ల విషయం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేటికి చేరి, దాన్ని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు లాగలేక లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రవాహానికి అడ్డం పడ్డ గట్టు ఎవరిదైనా తొలగాల్సిందే. తొలగించే రోజున పట్టా ఉన్న పేద మత్స్యకారుడికి పరిహారం, బతుకుతెరువు చూపించాకే యంత్రం దింపాలి. 2006లో ఆ పని సరిగా జరగలేదు కాబట్టే తెంచిన గట్లు తిరిగి లేచాయి.